కాకి లేని సముద్రం

కరువు తినేసిన రాజ్యం నుంచి బయల్దేరిన ఓడ అది. నెలల ప్రయాణం. పేదలుండే కింది అరలో ఊపు తెలియకుండా కాళ్లు చాపుకునే చోటు ఒక్కటే, నడిమి తెరచాప కొయ్య పక్కన. బుట్టలల్లే దాలయ్య అందరికంటే ముందొచ్చి కూతురు నూకాలును అక్కడ పడుకోబెట్టాడు. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల మెతుకు ముట్టలేదు. పక్కనే ఆకులో పెట్టిన అన్నం అలాగే ఉంది.

పైగది ఊపుకి కడుపు తిప్పి, సుంకాల అధికారి వీరభద్రప్ప కిందికి దిగాడు.

"లేవరా! ఈ చోటు నాకు కావాలి."

దాలయ్య పిల్లను ఎత్తుకుని లేచాడు. "కూర్చోండి దొరా." వీరభద్రప్ప ఆకు ముందే కూర్చున్నాడు. "నా దిగులు తీరింది. ఇవాళ నా పెళ్లాం పోయిన పదో రోజు. పిండం పెట్టాను గానీ, నడిసముద్రంలో కాకి ఏది? అయినవాళ్లం మేం ముట్టకూడదు. ఆకు ముందు కూర్చున్నారు గనుక మీరే ఒక ముద్ద ముట్టండి."

"నన్ను కాకంటావురా?"

"లేదు దొరా. కాకి రాలేదంటున్నాను. మీరొచ్చారు."

అరలో ఎవరూ నవ్వలేదు. అందరూ చేతులు జోడించి ఆయన చేతివంకే చూస్తున్నారు. వీరభద్రప్ప నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మెట్లెక్కేశాడు. మళ్లీ దిగలేదు.

దాలయ్య పిల్లను మళ్లీ అక్కడే పడుకోబెట్టి ఆకును ఆమె దగ్గరకు జరిపాడు.

"అమ్మ పిండం మనం ముట్టకూడదన్నావుగా అయ్యా?"

"పోయినోళ్ల కోరిక తీరితేనే కాకి ముడుతుందమ్మా. మీ అమ్మకున్న కోరిక నువ్వు తినాలనే."

నూకాలు లేచి కూర్చుని ఆకువంక చూసింది. తర్వాత ముట్టింది.