సుంకులవ్వ విన్న చప్పుడు

అనగనగా అంటే మరీ అంత అనగనగా కాదు. కారు కదలాలంటే ముందుకెళ్ళి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పే రోజులు. కొండ కింద దిగువకొట్టాల, కొండ పైన ఎగువకొట్టాల, మధ్యలో ఘాట్ రోడ్డు. ఆ రోడ్డుకి మూడు పెద్ద మలుపులు. దాని మీద తిరిగేది ఒక్కటే కారు. నడిపేది మద్దిలేటి.

రోడ్డు మొదట్లో ఒక కమ్మరి కొలిమి ఉండేది. అక్కడ తిత్తి ఊదే ముసలామె సుంకులవ్వ. తిత్తి అంటే తోలు సంచి. దాన్ని నొక్కితే గాలి బుస్సుమని పోయి కొలిమిలో నిప్పు రాజుకుంటుంది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి అవ్వ పని అదే. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఆ తిత్తి ముసల్ది" అనేవాళ్ళు. ఏం జనమో!

మద్దిలేటికి ఒక్కతే కూతురు, ఓబులమ్మ. తల్లి లేని పిల్ల. కాన్పుకి పుట్టింటికి రాకుండా ఎగువకొట్టాలలో అత్తగారింట్లోనే ఉండిపోయింది. నెలలు నిండాయి. మంత్రసాని కడుపు తడిమి చూసి ముఖం చిన్నది చేసుకుంది.

"బిడ్డ అడ్డంగా ఉండాది. నొప్పులు మొదలైన గడియనే టౌను ఆసుపత్రికి చేర్చల్ల. లేకుంటే ఇద్దరూ దక్కరు. అంతదాకా మంచం దిగనీయొద్దు" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి మద్దిలేటికి కంటి మీద కునుకు లేదు. కారు బాగానే నడుస్తోంది. కానీ పాతది కదా, సమయానికి మొరాయిస్తే? ఆ భయం కొద్దీ బాగున్న బండిని మెకానిక్ దగ్గరికి తోలుకుపోయాడు. భయం మనిషి చేత ఇలాంటి పనులే చేయిస్తుంది.

మొదటి మెకానిక్ కార్బురేటర్ అరిగిందన్నాడు. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పెట్టేది అదే. పాతది పీకి కొత్తది బిగించాడు. తొక్కితే నడిచింది. కాలు తీస్తే దడదడ వణికింది, టక్కున ఆగింది.

"కొత్తది కదప్పా, నాలుగు దినాలు తిరిగితే సర్దుకుంటాది" అన్నాడు.

సర్దుకోలేదు. రెండో మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. తొక్కితే నడిచింది. కాలు తీస్తే దడదడ వణికింది, టక్కున ఆగింది.

మూడో మెకానిక్ కాయిల్ మార్చాడు, వైర్లు మార్చాడు. తొక్కితే నడిచింది. కాలు తీస్తే దడదడ వణికింది, టక్కున ఆగింది. "ఇంక మార్చేదానికి ఏముందప్పా, నిన్నే మార్చల్ల" అని నవ్వాడు కూడా. మద్దిలేటికి నవ్వు రాలేదు. ఘాట్ మలుపుల్లో కాలు తీయక తప్పదు. అక్కడ ఇంజను ఆగితే ఎక్కే బండి వెనక్కి జారుతుంది. వెనక లోయ.

ఒక పొద్దున టౌను నుంచి వస్తుంటే సరిగ్గా కొలిమి ముందు కారు ఆగిపోయింది. హ్యాండిల్ తిప్పుతుంటే కొండ మీద నుంచి అల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మామా! ఓబులమ్మకి నొప్పులు మొదలైనాయి!"

మద్దిలేటి రోడ్డు మీదే కూలబడ్డాడు. "బాగున్నదాన్ని నేనే చెడగొట్టుకుంటినే! నా బిడ్డని నేనే చంపుకుంటాండానే!" అని తల బాదుకున్నాడు.

కొలిమిలో తిత్తి చప్పుడు ఆగింది. సుంకులవ్వ బయటికి వచ్చింది.

"ఏడ్సొద్దు నాయనా. ఆ బండిని ఒకసారి పలికించు."

మద్దిలేటి హ్యాండిల్ తిప్పాడు. అల్లుడు లోపల కూర్చుని, ఇంజను చావకుండా కొద్దికొద్దిగా తొక్కాడు. అవ్వ కళ్ళు మూసుకుంది.

"దీనికి తిత్తి యాడుండాది?"

"కారుకి తిత్తి ఏందవ్వా?"

"నిప్పు ఉన్నాక గాలి పోయే దోవ ఉండల్ల గదా. ఆ దోవ చూపీ. యాడనో దొంగగాలి పీలుస్తాండాది. నా తిత్తి పిగిలినప్పుడు ఇట్లనే ఈల వేస్తాది."

ముగ్గురు మెకానిక్‌లు ఆ బండిని చూశారు. ఒక్కడూ వినలేదు.

అవ్వ ఒక పాతగుడ్డ నీళ్ళలో ముంచింది. మద్దిలేటి చూపించిన ఒక గొట్టం మొదట్లో అదిమింది. దడదడ తగ్గలేదు. ఇంకో గొట్టం చివర అదిమింది. తగ్గలేదు. మూడోసారి కార్బురేటర్ అడుగున, ఇంజనుకి బిగించిన చోట చుట్టింది. ఈల ఆగింది. దడదడ ఆగింది. గుడ్డ తీస్తే మళ్ళీ దడదడ.

గబగబా విప్పి చూశారు. కొత్త కార్బురేటర్ కింద, సందులో గాలి దూరకుండా పెట్టిన అట్ట ప్యాకింగ్ నిలువునా చీలి ఉంది. బిగించిన రోజే చీలింది.

నూనె తాగి మెత్తబడ్డ తోలు అవ్వ దగ్గర ఒక్కచోటే ఉంది. తిత్తికి. కత్తి తీసుకుని అక్కడే కోసింది.

"అవ్వా, నీ కొలిమి!" అన్నాడు మద్దిలేటి.

"కొలిమి రేపైనా రాజుకుంటాది. కాన్పు రేపటికి ఆగుతాదా?"

తోలు పెట్టి బిగించారు. మద్దిలేటి కాలు తీశాడు. ఆగలేదు. అయినా అతను తల బయటపెట్టి అడిగాడు.

"మలుపులో ఆగదు కదా అవ్వా?"

"నాకేం తెల్సు నాయనా? నేనెప్పుడూ కారెక్కలేదు. ఈడనే నిలబడి వింటాంటా. పో."

కారు కొండెక్కింది. అవ్వ చెవి అటే పెట్టింది. మొదటి మలుపు. చప్పుడు తగ్గింది, ఆగలేదు. రెండో మలుపు. చప్పుడు తగ్గింది, ఆగలేదు. మూడో మలుపు. చప్పుడు తగ్గింది. ఇంకా తగ్గింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

కొండకి అవతలి వైపు తిరిగిందో, లోయలోకే జారిందో ఎవరికి తెలుసు? ఎండ వాకిట్లోకి వచ్చినా అవ్వ కదల్లేదు. నీళ్ళిస్తే తాగలేదు.

చాలాసేపటికి పైనుంచి ఆ చప్పుడు మళ్ళీ దిగుతూ వచ్చింది. మూడో మలుపు, రెండో మలుపు, మొదటి మలుపు. కొలిమి దగ్గరికి రాగానే మద్దిలేటి ఆపబోయి కాలు తీశాడు. బండి వణకలేదు. లోపల ఓబులమ్మ మూలుగుతోంది. అవ్వ చెయ్యెత్తి అరిచింది.

"ఆపొద్దు! పో నాయనా, పో!"

తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

మద్దిలేటి కొత్త తోలు తెచ్చి తిత్తి కుట్టించాడు. "ఇంకేం కావల్ల అవ్వా?" అని అడిగాడు.

"దినామూ ఈ దోవనే పోతాంటావు గదా. నాకు ఒకసారి వినిపించి పో" అంది.

ఆ రోజు నుంచి మద్దిలేటి వినిపించకుండా కొండెక్కలేదు. అవ్వకి చెవులు పోయాక కూడా ఆపేవాడు. ఆమె బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "బాగుండాది, పో" అనేది. ఆమె పోయిన రోజు మద్దిలేటి కారుని కొలిమి ముందు నిలబెట్టి, పాడె లేచేదాకా ఇంజను ఆపలేదు. లోపల కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. బండి మాత్రం ఒక్కసారి కూడా వణకలేదు.

ఇప్పుడక్కడ కొలిమి లేదు. అయినా ఘాట్ ఎక్కే ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. లోపలివాళ్ళు మాటలు ఆపేస్తారు. డ్రైవరు దిగి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "అవ్వా, విను" అంటాడు. టౌను మెకానిక్‌లు కొత్త సామాను బిగిస్తే, బండిని అక్కడిదాకా తెచ్చి వినిపించందే చేతులు కడుక్కోరు.

ఒక్క బండి మాత్రం ఆగదు. కాన్పు మనిషి ఉన్న బండి. అది అక్కడ కొంచెం నెమ్మదిస్తుంది, అంతే. అప్పుడు రోడ్డు పక్కన గొర్రెలు కాసేవాళ్ళున్నా, బస్సు కోసం నిలబడ్డవాళ్ళున్నా, చేతిలో పని వదిలేసి చెయ్యెత్తుతారు.

"ఆపొద్దు! పో నాయనా, పో!"