మల్లెకి ఎండ, కనకాంబరానికి తడి

అనగనగా అనగనగా, ఏటి ఒడ్డున ఇసకనేల ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో వరహాలు అని పూలమాలలు అమ్ముకునే ఆవిడ ఉండేది. ఆవిడకో కూతురు. పేరు పైడి, తొమ్మిదేళ్ళది. తండ్రి, పిల్ల పాకుతుండగానే పోయాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఊఁ కొట్టు తల్లీ, చెప్తాను.

వాళ్ళ పెరట్లో రెండు మడులు. నూతికి అటువైపు ఎండలో మల్లె. ఇటువైపు మునగచెట్టు నీడలో కనకాంబరం. రెండూ ఏళ్ళ తరబడి ఉండే మొక్కలే. మల్లెకి వాసనుంది, తెల్లారేసరికి వాడిపోతుంది. కనకాంబరానికి వాసన లేదు, మూడు రోజులైనా రంగు పోదు. అందుకని వరహాలు రెండూ కలిపి మాల కట్టేది.

మాలలో కలిసినా, పెరట్లో వాటి తీరు కలవదు. చలికాలం రాగానే మల్లెకి నీళ్ళు ఆపెయ్యాలి. ఆకంతా దూసెయ్యాలి. కొమ్మలు కత్తిరించాలి. చూస్తే చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అలా నలభై రోజులు ఎండగట్టి, ఆ తర్వాత ఎరువు వేసి నీళ్ళు వదిలితే, ఎండలు ముదిరేసరికి ఆకు కనపడనన్ని మొగ్గలు. జాలిపడి నీళ్ళు పోశావా, ఆకే తప్ప పువ్వుండదు. మల్లెని ఎండగట్టాలంటే వరహాలే ఎండగట్టాలి అనేవారు ఊళ్ళో.

కనకాంబరం అలాంటిది కాదు. దానికి రోజూ కాస్త తడి కావాలి. ఒక పూట మరిస్తే తల వాలుస్తుంది. నాలుగు రోజులు మరిస్తే ఆకు ముడుస్తుంది. ఆ తర్వాత నుయ్యి మొత్తం తోడి పోసినా లేవదు. ఆ సంగతి వరహాలుకి తెలుసు. మొక్కల వరకూ తెలుసు.

వరహాలుకి ఒక అలవాటుండేది. పైడి తప్పు చేస్తే కొట్టేది కాదు, తిట్టేది కాదు. మాట్లాడడం మానేసేది. ఆవిణ్ణి పెంచింది కూడా వాళ్ళమ్మ అలాగే. నేను బాగుపడలేదా అనుకునేది.

మొదటిసారి పైడి మాలల బుట్ట ఏట్లో జారవిడిచింది. వరహాలు ఒక రోజంతా మాట్లాడలేదు. పైడి కొంగు పట్టుకుని వెనకాలే తిరిగింది. మాట్లాడవే అమ్మా, ఇంకెప్పుడూ చెయ్యనే అని ఏడ్చింది. మర్నాడు వరహాలు అన్నానికి పిలిచింది. పిల్ల ఎగురుకుంటూ వచ్చి కూచుంది.

రెండోసారి బడి ఎగ్గొట్టి తూనీగల వెంట పోయింది. పైగా బడికి వెళ్ళానని చెప్పింది. అప్పుడు వరహాలు మూడు రోజులు మాట్లాడలేదు. ఈసారి పైడి ఏడవలేదు. పక్కన కూచుని ఒక్కొక్క పువ్వూ అందిస్తూ, అమ్మ మొహం చూస్తూ ఉండేది.

మూడోసారి కనకాంబరం గింజల గొడవ. ఎండిన కంకి మీద నీటిచుక్క పడితే టప్పున పేలుతుంది, గింజలు ఎగిరిపోతాయి. పిల్లలకి అదో సరదా. మడి పెంచుకుందామని వరహాలు ఏడాదిగా దాచిన కంకులన్నీ పైడి తీసుకెళ్ళి, అంట్లు తోమే రాయి దగ్గర నీళ్ళు చిలకరించి పేల్చేసింది. ఒక్క గింజ మిగల్లేదు.

అప్పుడే చలి మొదలైంది. వరహాలు మల్లెకి నీళ్ళు ఆపింది, పైడితో మాటలూ ఆపింది. తనే వచ్చి తప్పయిందని చెప్పాలి, అప్పటిదాకా పలకను అనుకుంది. పైడి రాలేదు. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. ఉన్న ఇద్దరూ మాట్లాడుకోకపోతే ఆ ఇల్లెలా ఉంటుందో చూడు.

ఆ తర్వాత పొరుగూరి నించి కబురొచ్చింది. వరహాలు తల్లి మంచం పట్టిందట, మాట పడిపోయిందట. పైడిని చూసుకోమని పక్కింటి తవిటమ్మకి చెప్పి, వరహాలు మూట కట్టుకుంది. తవిటమ్మ ముసలిది, చూపు ఆనదు.

వరహాలు గడప దాటుతుంటే పైడి అడిగింది.

"అమ్మా, కనకాంబరాలకీ నీళ్ళు ఆపెయ్యాలా?"

పది రోజుల్లో పిల్ల ఆడిన మొదటి మాట అది. మొక్కల సంగతి అడుగుతుంది గాని తప్పయిందని అనదే అనుకుంది వరహాలు. మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

అక్కడ వాళ్ళమ్మ పక్కన పదిహేను రోజులు కూచుంది. ఒళ్ళు తుడిచింది, గంజి పట్టింది, జుట్టు దువ్వింది. ఒక్క మాట అనమ్మా, తిట్టయినా తిట్టు అని బతిమాలింది. ముసలావిడ కళ్ళప్పగించి చూసేది. చూస్తూ చూస్తూనే పోయింది. పలకని మనిషి పక్కన కూచోడం ఎలా ఉంటుందో అప్పుడు వరహాలుకి అర్థమైంది. కర్మకాండ కాగానే బయల్దేరింది. దారి పొడుగునా పైడికి చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంటూ నడిచింది.

ఇంటికొచ్చి పెరట్లో అడుగు పెట్టింది. మల్లె మోడుగా ఉంది, ఉండాల్సినట్టే. కనకాంబరం మడి మొత్తం ఎండి చీపురుపుల్లలై ఉంది.

కూడగట్టుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నీళ్ళెందుకు పొయ్యలేదే?" అంది.

పైడి అమ్మ వంక చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు గోడ అవతలి నించి తవిటమ్మ పలికింది. "అడిగిందటే నిన్ను, గడపలో. నువ్వు ఉలకలేదట, పలకలేదట. ఆపొద్దనుకుంటే వద్దనేది కదా అవ్వా, ఊరుకుందంటే ఆపెయ్యమనే కదా అంది. రోజూ చెంబు పట్టుకుని మడి దాకా పోయేది, నిలబడేది, మళ్ళీ వచ్చేసేది. నువ్వే ఆపమన్నావేమో అనుకున్నాను నేను, మడి ఎండిపోయాక అడిగితే అప్పుడు చెప్పింది."

వరహాలు మడి గట్టు మీద కూచుని ఎండిన పుల్లలు తడిమి చూసింది.

ఆ రోజు అన్నం కలిపి పిలిచింది. తింటావా అమ్మా అంది. ఊఁ అంది పైడి. మర్నాడు తల దువ్వుతూ అమ్మమ్మ ఎలా పోయిందో అంతా చెప్పింది. ఊఁ అంది పైడి. అంతకు మించి ఆ పిల్ల నోటి నించి మాట రాలేదు.

మూడో రోజు సాయంత్రం వరహాలు ఎండిన మడికి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. లేవదని తెలుసు. చెంబు మీద చెంబు పోస్తూనే ఉంది. పైడి మెట్టు మీద కూచుని చూస్తోంది.

"తప్పు నాదే తల్లీ. నువ్వు అడిగావు. నేను చెప్పలేదు" అంది వరహాలు.

అప్పుడు పైడి లేచి వచ్చింది. అమ్మ చేతిలో చెంబు తీసుకుంది. రెండో చేత్తో అమ్మ వేలు పట్టుకుని అంట్లు తోమే రాయి దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ, రాతి నీడలో, బెత్తెడెత్తు కనకాంబరం మొలకలు. ఆనాడు పేలి ఎగిరిన గింజలే. పైడి చెంబు వంచి వాటికి కొంచెం కొంచెంగా నీళ్ళు పోసింది. అక్కడ ఆపమని ఎవరూ అనలేదు కదా.

ఆ ఏడు ఎండలకి మల్లె ఎప్పటిలాగే విరగబూసింది. మాల మాత్రం ఉత్త తెల్లగా ఉండేది. కనకాంబరాలేవమ్మా అని అడిగితే, ఎండిపోయాయి, నా వల్లే అనేది వరహాలు.

ఆ తర్వాత వానలు పడ్డాయి, మొలకలు పూశాయి. పైడి కూడా మెల్లమెల్లగా మాట్లాడింది. నవ్వింది. పెద్దదైంది. కానీ ఒకటి. ఏదైనా ఒక్కసారే అడిగేది. జవాబు రాకపోతే రెండోసారి అడిగేది కాదు. అది మాత్రం చివరిదాకా పోలేదు.

అందుకని వరహాలు మొదటి పిలుపుకే పలికేది. చేతిలో పనున్నా, నోట్లో ముద్దున్నా, పలికేది.

అంతే తల్లీ కథ. రాత్రి దాహమేస్తే లేపు నన్ను. ఎన్నిసార్లయినా లేపు.

కథ పోయె కంచికి, చెంబు పోయె చెట్టుకి,
పాప పోయె పక్కకి, నిద్ర వచ్చె కంటికి.