ముళ్ళయ్య బొజ్జ, పున్నమి బండ

అనగనగా ఒక అడవిలో ముళ్ళయ్య అనే ముళ్లపంది ఉండేవాడు. ఒంటినిండా ముళ్ళే. అయినా ఎవరికీ ఒక్క ముల్లు గుచ్చనని ఒట్టు పెట్టుకున్నాడు, పిచ్చిమారాజు.

ఆ అడవిని ఏటి అవతలినుంచి వచ్చిన తోడేలు దొర ఏలేవాడు. వచ్చినప్పుడు చుట్టంగానే వచ్చాడు. చుట్టం కాస్తా యజమాని అయ్యాడు. తన ఎదుట అందరూ తల వంచుకునే నడవాలన్నాడు. వంచిన మెడల్లో ఏది నచ్చితే ఆ పూటకు అదే భోజనం.

ముళ్ళయ్య ఊరుకోలేదు. ప్రతి గుంపు దగ్గరికీ వెళ్ళి, "తల వంచకండర్రా. అందరం కలిసి తలెత్తి నిలబడితే ఎందరిని తింటాడు?" అని చెప్పాడు. దొరకు కోపం వచ్చింది. తిందామంటే ముళ్ళాయె. అందుకని మూడుసార్లు గుహలో పెట్టించాడు. మూడుసార్లూ ముళ్ళయ్య లోపల హాయిగా నిద్రపోయి, కాపలా నక్కలు వేసిన దుంపలు తిని, బొజ్జ పెంచుకుని బయటికి వచ్చాడు.

భార్య సూదమ్మకు ఒళ్ళు మండేది. "ఇంట్లో దుంప లేదు. నువ్వేమో అడవిని ఉద్ధరిస్తున్నావు. ఈసారి గుహకు వెళ్తే నన్నూ తీసుకెళ్ళు, నాలుగు పూటలు కడుపునిండా తింటాను" అనేది.

ఏమైతేనేం, అడవి అంతా తలెత్తి నడవడం మొదలుపెట్టింది. దొరకు దిక్కు తోచలేదు. "సరే, వచ్చే పున్నమి సాయంత్రం ఏరు దాటి వెళ్ళిపోతాను" అన్నాడు. అంటూనే ఒక ఎత్తు వేశాడు.

అడవి మధ్య ఒక పెద్ద బండ ఉంది. దుప్పులు సూర్యుడికి దణ్ణం పెట్టుకునేది దానిమీదే. కుందేళ్ళు చంద్రుడికి దణ్ణం పెట్టుకునేదీ దానిమీదే. మామూలు రోజుల్లో ఎవరి వేళ వాళ్ళది. పున్నమినాడు మాత్రం ఇటు పొద్దుగూకుతుంటే అటు చంద్రుడు వస్తాడు. అప్పుడు దుప్పులు పడమటికీ కుందేళ్ళు తూర్పుకీ తిరిగి, తోకలు తోకలకు తగులుతుండగా ఒకేసారి దణ్ణం పెట్టుకునేవి. తాతల నాటినుంచీ అదే వాడుక.

దొర దుప్పుల పెద్ద సూరప్ప దగ్గరికి వెళ్ళి, "మీ దేవుడు అస్తమిస్తుంటే కుందేళ్ళు ఆయనకు పిర్రలు చూపిస్తున్నాయి. నీకు సిగ్గనిపించదూ?" అన్నాడు. కుందేళ్ళ పెద్ద వెన్నెలప్ప దగ్గరా అదే పాట పాడాడు. ఇద్దరితోనూ, "మీరు కొట్టుకు చస్తారేమోనని నా బెంగ. అలాగైతే కాపలాకు నేనే ఉండిపోతాను" అని కళ్ళు ఒత్తుకున్నాడు.

పున్నమి వచ్చింది. బండమీద దుప్పులు కొమ్ములు వంచాయి. కుందేళ్ళు పళ్ళు నూరాయి. కుందేలుకు యుద్ధమేమిటని నవ్వకండి. కోపం వచ్చినప్పుడు ఎవరూ తమ కొలతలు చూసుకోరు.

ముళ్ళయ్య ఆయాసపడుతూ రెండు గుంపుల మధ్యకు వచ్చాడు.

"ముళ్ళు లేపవయ్యా, రెండు గుంపులూ పారిపోతాయి" అని సూదమ్మ కిందినుంచి అరిచింది.

ముళ్ళయ్యకూ లేపాలనే అనిపించింది. వీళ్ళ కోసమా నేను గుహల్లో పడున్నది అని ఒళ్ళు మండింది. కానీ భయపెట్టి ఆపితే దొరకూ తనకూ తేడా ఏముంది? ముళ్ళు దించుకుని, బొజ్జ పైకి పెట్టి, వెల్లకిలా పడుకున్నాడు.

"కొట్టుకోవాలంటే దీన్ని తొక్కి వెళ్ళండి. మెత్తగానే ఉంటుంది" అన్నాడు.

సూరప్ప గిట్ట ఎత్తాడు.

"తొక్కితే త్వరగా తొక్కు, మామా. పొద్దుగూకుతోంది. నీ దేవుడు నీ కోసం ఆగడు" అన్నాడు ముళ్ళయ్య.

సూరప్ప తల తిప్పి చూశాడు. పడమట సగం సూర్యుడు. తూర్పున నిండు చంద్రుడు. దేవుళ్ళిద్దరూ ఒకే ఆకాశంలో ఏ గొడవా లేకుండా ఉన్నారు. కింద ఏటి గట్టున దొర కూర్చుని ఉన్నాడు. వెళ్ళే వాలకమేమీ లేదు. నాలుక చాపుకుని, ముందు ఎవరు పడతారా అని చూస్తున్నాడు.

సూరప్పకు విషయం అర్థమైంది. గిట్ట మెల్లగా పక్కన దించాడు. "కాస్త జరుగు వెన్నెలప్పా, దణ్ణానికి వేళ మించిపోతోంది" అని పడమటికి తిరిగాడు. వెన్నెలప్ప ముక్కు ఎగబీల్చి తూర్పుకు తిరిగాడు. తోక తోకకు తగిలింది. దొర ఆ రాత్రి పస్తుతో ఏరు దాటాడు.

మర్నాడు అందరూ కలిసి ముళ్ళయ్యకు పూలదండ వేశారు. అది ముళ్ళకు తగిలి ముక్కలైంది. "పీడా పోయింది" అన్నాడు ముళ్ళయ్య.

చాలా ఏళ్ళకు ముసలివాడై కన్నుమూశాడు. ఆ పూటే రెండు గుంపులూ సూదమ్మ బొరియ ముందుకు వచ్చాయి. ఆయన మా దేవుడి భక్తుడంటే మా దేవుడి భక్తుడని తగువు.

సూదమ్మ కళ్ళు తుడుచుకుంది. "పగలంతా గుర్రుపెట్టి నిద్ర. రాత్రయితే దుంపలు తవ్వుకోవడం. మిగిలిన కాస్త వేళా మీ తగవులు తీర్చడం. ఆయనకు దణ్ణం పెట్టుకునే తీరిక మీరెక్కడిచ్చారు?" అంది.

తగువు అక్కడితో ఆగింది. బండ నడిమి చీలికలోనే ఆయన్ని పాతిపెట్టారు. ఇప్పటికీ పున్నమి సాయంత్రం దుప్పులు అటూ కుందేళ్ళు ఇటూ తిరిగి, అంత పెద్దాయనకు అందరూ కలిసి పిర్రలు చూపిస్తారు. సూదమ్మ బతికున్నన్నాళ్ళూ అది చూడటానికి వచ్చేది. "బతుకంతా ఆయన కోరుకున్నది ఇదే" అనేది.

నీతి: ఎవరి దేవుడి వైపు వాళ్ళు తిరగవచ్చు, తప్పులేదు. ఒకరి మీదికి ఒకరు తిరిగితే మాత్రం దొరకే భోజనం.