యంత్రం చూసిన కలిమి

సముద్రతీరపు జిల్లా ఒకదానిలో నీటి సరఫరా చూసే ఫణీంద్ర అనే అధికారి ఉండేవాడు. పని చకచకా చేసేవాడు గానీ, ఎవరైనా "ఎందుకండీ?" అని అడిగితే ఒంటికాలి మీద లేచేవాడు.

ఆ వేసవిలో మంచినీళ్ళ ట్యాంకర్లు చాలలేదు. ముందు బీద ఊళ్ళకే పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏది బీద ఊరో తేల్చడానికి ఆఫీసుకి కొత్త కంప్యూటర్ ప్రోగ్రామ్ ఇచ్చారు. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి, ఇది కలిగిన ఊరు, ఇది లేని ఊరు అని అది చెప్పేసేది. దాన్ని తయారుచేసిన సుచరిత, ప్రతి ఊరికీ ఇంకో బొమ్మ కూడా వచ్చేలా ఏర్పాటు చేసింది. ఫొటోలో దేన్ని చూసి యంత్రం ఆ మాట అన్నదో, ఆ బొమ్మలో అక్కడ ఎర్రరంగు పడుతుంది.

"ఏ ఊరికైనా నీళ్ళు ఆపేముందు ఈ బొమ్మ ఒక్కసారి చూడండి సార్. యంత్రం కూడా పొరబడుతుంది," అంది.

"మనుషులకి సంజాయిషీలు చెప్పలేకే ఛస్తున్నాను. ఇప్పుడు యంత్రం చెప్పే సంజాయిషీ కూడా వినాలా?" అని ఫణీంద్ర విసుక్కున్నాడు.

బొమ్మలేవీ తెరవకుండానే, కలిగినవని తేలిన ఊళ్ళన్నిటికీ ట్యాంకర్లు ఆపించేశాడు. వాటిలో పల్లెమొగ ఒకటి. అతని మేనత్త కనకవల్లి ఉండేది అక్కడే. చిన్నప్పుడు సెలవులన్నీ అతను ఆ ఊళ్ళోనే గడిపాడు. అయినా మారు ఆలోచించలేదు. తనకి బంధుప్రీతి లేదని లోకం మెచ్చుకుంటుందని మురిసిపోయాడు కూడా.

పల్లెమొగ వాళ్ళు వచ్చారు. ఫోన్లు చేశారు. మళ్ళీ వచ్చారు. అందరికీ ఒకటే జవాబు, యంత్రం చెప్పింది కాబట్టి మీది కలిగిన ఊరేనని. ఎందుకలా చెప్పిందని అడిగినవాళ్ళను గుమ్మంలోంచే పంపించేశాడు.

ఆఖరికి కనకవల్లే బస్సెక్కి వచ్చింది. పూజ చేసుకుని, నైవేద్యం పెట్టిన పరమాన్నం క్యారేజీలో తెచ్చింది. మేనల్లుడికి అదంటే ప్రాణం. ఫణీంద్ర గబగబా ఒక చెంచా నోట్లో వేసుకుని, మింగలేక ఆగిపోయాడు.

"ఉప్పేశావేంటత్తా?"

"బెల్లమే వేశానురా. నీళ్ళే అలా ఉన్నాయి. దేవుడు కాబట్టి నోరెత్తకుండా ఆరగించాడు. పసిపిల్లలు తట్టుకుంటారా? ఊరంతా విరేచనాలే. పక్కింటి పసిగుడ్డుని పొద్దున్నే ఆసుపత్రికి పట్టుకుపోయారు. ఇంతకీ, మాకు కలిమి ఎక్కడ కనపడిందట మీ యంత్రానికి?"

అత్త మీద ఒంటికాలి మీద లేవడం ఫణీంద్రకి చేతకాలేదు. సుచరితను పిలిచి, ఆ బొమ్మ తెరవమన్నాడు.

ఇళ్ళ మీద ఎరుపు చుక్కైనా లేదు. ఎరుపంతా ఊరి చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల మీదా, వాటి గట్ల మీద తెల్లవార్లూ వెలిగే దీపాల మీదా ఉంది. యంత్రం ఊరి కలిమి అనుకున్న ఆ చెరువులు పట్నం వాళ్ళవి. వాటి ఉప్పునీరు భూమిలోకి దిగి ఊరి బావులు పాడయ్యాయి. ఈ సంగతి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ గట్ల మీద ఆడుకుని పెరిగినవాడే.

"ఇది చూసుంటే ఆ రోజే తెలిసిపోయేది," అన్నాడు నీరసంగా.

"చూడమనేగా సార్, మొత్తుకున్నాను," అంది సుచరిత.

కనకవల్లి క్యారేజీ మూత పెట్టింది. "ముందు ట్యాంకర్ పంపరా. బాధపడ్డం తర్వాత."

ట్యాంకర్ వెనకే ఫణీంద్ర కూడా వెళ్ళాడు. పసిగుడ్డు కోలుకునేదాకా రోజూ ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చేవాడు. ఆ తర్వాత ఎర్రబొమ్మ చూడకుండా ఏ ఊరికీ నీళ్ళు ఆపలేదు. ఎవరైనా "ఎందుకండీ?" అంటే కుర్చీ చూపించి, కూర్చోబెట్టి చెప్పేవాడు.

నీతి: మనిషి చెప్పినా, యంత్రం చెప్పినా, "ఎందుకు?" అని అడగకుండా ఒకరి నోటి దగ్గరి నీళ్ళు తీసేయకూడదు.