ఏనుగు అడుగులో ఇద్దరు మెత్తన్నలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాన కురిసిన మర్నాడు ఒక ఏనుగు బురదలో అడుగు వేసి, తన దారిన తాను వెళ్ళిపోయింది. ఆ అడుగు లోతుగా దిగింది. అందులో నీళ్ళు నిలిచాయి. ఏనుగుకి అది ఒక అడుగే. కానీ పిల్లలూ, అందులో చేరినవాళ్ళకి అదే పెద్ద చెరువు. మన కథంతా ఆ అడుగులోనే జరిగింది.

అందులో ఒక ముసలి నత్త ఉండేది. అందరూ నత్తవ్వ అని పిలిచేవాళ్ళు. ఒక తోకకప్ప కూడా ఉండేది. తోకకప్ప అంటే ఇంకా కప్ప కాని కప్పపిల్ల. వాళ్ళతోపాటు ఒక అమీబా ఉండేవాడు. అమీబాకి ఒళ్ళంతా కలిపి ఒకటే కణం. చెయ్యి లేదు, కాలు లేదు, మూతి లేదు. ఎటు వెళ్ళాలనుకుంటే అటు ఒళ్ళు సాగుతుంది. ఏది తినాలనుకుంటే దాని చుట్టూ ఒళ్ళు మూసుకుంటుంది. అంత మెత్తగా ఉంటాడు కాబట్టి వాడిని మెత్తన్న అనేవాళ్ళు.

మెత్తన్న ఈ అడుగులోకి ఎలా వచ్చాడో తెలుసా? అంతకు ముందు వాడుండే గుంట ఎండిపోయింది. అప్పుడు వాడు ఒంటి చుట్టూ గట్టి పెంకు కట్టుకుని లోపల ముడుచుకున్నాడు. ఆ పెంకుని కోశం అంటారు. కోశంలో ఉన్నవాడికి ఎండ తగలదు, దాహం వెయ్యదు. వాడలా మట్టిలో పడి ఉంటే ఏనుగు వచ్చి తొక్కింది. దాని గోటి సందులో ఇరుక్కుని, ఇక్కడ నీళ్ళలో రాలి, కోశం పగలగొట్టుకుని బయటికి వచ్చాడు.

"ఆ కోశం కట్టుకోవడం నీకెవరు నేర్పారు?" అని తోకకప్ప ఒకరోజు అడిగింది.

"ఎవరూ నేర్పలేదు" అన్నాడు మెత్తన్న. "నా ఒంట్లో ఒక గుండ్రటి గది ఉంది. ఆ గదిలో సన్నటి దారం ఉంది. ఏది కావాలన్నా ఎలా చేసుకోవాలో ఆ దారంలోనే ఉంటుంది. అంతవరకే నాకు తెలుసు."

వాడు చెప్పింది నిజమే. ఆ గది పేరు కేంద్రకం. ఆ దారం పేరు డీఎన్‌ఏ. మీ ఒంట్లోనూ ఉంది, నా ఒంట్లోనూ ఉంది.

ఒకరోజు పొద్దున మెత్తన్నకి ఒళ్ళు బరువుగా అనిపించింది. కడుపు నిండా తిన్నాడు, బాగా పెరిగాడు. అయినా ఇది తిండి బరువులా లేదు. గుండ్రటి గదిలో ఏదో కదులుతోంది. ఏదో విడిపోతోంది, ఏదో జతపడుతోంది.

"నాకేమవుతోంది?" అనుకున్నాడు.

అనుకుంటూ ఉండగానే గది సాగింది. ఒక గది రెండు గదులయ్యింది. నడుము సన్నబడింది, ఇంకా సన్నబడింది, పుటుక్కున తెగింది.

ఒకడు తేలిపోయి ఒక కుళ్ళిన ఆకు పక్కన ఆగాడు. ఇంకొకడు ఒక గులకరాయి పక్కన ఆగాడు. మనం తికమక పడకుండా ఆకు పక్కనున్నవాణ్ణి ఆకన్న అనుకుందాం, రాయి పక్కనున్నవాణ్ణి రాయన్న అనుకుందాం. కానీ వాళ్ళు మాత్రం అలా అనుకోలేదు.

"నువ్వెవరు?" అన్నాడు ఆకన్న.

"మెత్తన్నని. నువ్వెవరు?" అన్నాడు రాయన్న.

"అదేమిటి? మెత్తన్నని నేను కదా!"

"ఛీ, అబద్ధాలాడకు. నేను పొద్దున్నే లేచి నాచు తిన్నాను. నాకు బాగా గుర్తుంది."

"ఆ నాచు తిన్నది నేను!"

ఇద్దరూ కొట్టుకునేలా ఉన్నారని తోకకప్ప మధ్యలోకి వచ్చింది. "ఆగండాగండి. నేను ప్రశ్నలు అడుగుతాను. అబద్ధమాడేవాడు ఇట్టే దొరికిపోతాడు" అంది.

"ఈ అడుగులోకి ఎలా వచ్చావు?" అని అడిగింది.

"ఏనుగు గోటి సందులో" అన్నారు ఇద్దరూ.

"నన్ను మొదటిసారి చూసినప్పుడు ఏమన్నావు?"

"నీ తోక బాగుందన్నాను" అన్నారు ఇద్దరూ.

"సరే, మీ ఇద్దరిలో అసలువాడు ఎవరు?"

"నేనే!" అన్నారు ఇద్దరూ.

తోకకప్ప బుర్ర గోక్కుందామనుకుంది. గోక్కోవడానికి ఇంకా చేతులు రాలేదు. "నా వల్ల కాదు నాయనా. నా తోక పొట్టిదవుతోంది. వెనక ఏవో కాళ్ళు మొలుస్తున్నాయి. నేనే ఏమైపోతున్నానో నాకు తెలియడం లేదు. మీ ఇద్దరిలో ఎవరు ఎవరో నాకేం తెలుస్తుంది?" అని వెళ్ళిపోయింది.

ఇంతలో ఎండలు ముదిరాయి. అడుగులో నీళ్ళు రోజురోజుకీ తగ్గాయి. బురద అంచులు బీటలు వారాయి. తోకకప్పకి నాలుగు కాళ్ళూ వచ్చేశాయి. అది ఒక్క గెంతు గెంతి గట్టు మీద పడింది. "నేను కప్పనయ్యాను! ఎలా అయ్యానో మాత్రం అడగకండి!" అని అరిచి నీళ్ళు వెతుక్కుంటూ పోయింది.

ఆకన్నకీ రాయన్నకీ భయం వేసింది. కోశం కట్టుకోవాలి. కానీ ఇద్దరికీ ఒకటే అనుమానం. ముందు ఒకడే కదా ఉన్నది. గది ఒకటే, దారం ఒకటే. ఇప్పుడు ఇద్దరయ్యారు. మరి దారం ఏమయ్యింది? తెగిందా?

ఇద్దరూ నత్తవ్వ దగ్గరికి వెళ్ళారు. నత్తవ్వ బురదలో దిగి, మూత వేసుకుని పడుకోబోతోంది.

"అవ్వా, ఒక్క మాట" అన్నాడు ఆకన్న. "ఒకడు ఇద్దరైతే దారం ఎలా పంచుకుంటారు?"

"సగం సగం నాయనా" అంది నత్తవ్వ. "మా ఇళ్ళల్లో అంతే. నా దారంలో సగం, నా జతగాడి దారంలో సగం. ఆ రెండు సగాలూ కలిస్తేనే ఒక నత్తపిల్ల. ఎంత ప్రేమున్నా ఎవరూ పిల్లకి మొత్తం దారం ఇవ్వరు."

"అయితే మా దగ్గర తలా సగమే ఉందా?" అన్నాడు రాయన్న.

"అంతేగా మరి. సగం కాకపోతే ఇంకేముంటుంది?" అని నత్తవ్వ మూత వేసేసుకుంది.

నత్తవ్వ అబద్ధం చెప్పలేదు. నత్తల సంగతి అంతే. మనుషుల సంగతీ అంతే. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం. కానీ అమీబాల పద్ధతి అది కాదు. ఆ మాట నత్తవ్వకి తెలీదు. తెలీదని కూడా దానికి తెలీదు.

రాయన్నకి దిగులు పట్టుకుంది. "కోశం సంగతి ఏ సగంలో ఉందో! నా సగంలో ఉందో, వాడి సగంలో ఉందో!" అనుకున్నాడు. కాసేపటికి ఆ దిగులు కోపమయ్యింది. "నా సగంలో ఉంటే నాకీపాటికి తెలిసేది. నాకు తెలియడం లేదంటే వాడి దగ్గరే ఉంది. నాది నేను తీసుకోవాలి. వాణ్ణి మింగేస్తే రెండు సగాలూ నావే!"

ఒళ్ళు సాచి ఆకన్న మీదికి వచ్చాడు.

"ఏయ్! ఏం చేస్తున్నావు?" అని ఆకన్న వెనక్కి జారాడు.

"నా సగం నాకిచ్చెయ్!"

"ఎలా ఇవ్వను? అది నా చేతిలో ఉందా? అసలు నాకు చెయ్యెక్కడుంది?"

రాయన్న వినలేదు. ఆకు చుట్టూ తరిమాడు. ఇసుక రేణువుల సందుల్లో తరిమాడు. ఎండిన నాచు కింద తరిమాడు. తినడానికి పక్కనే తిండి ఉన్నా ఆగలేదు. ఆకన్న పారిపోయి పారిపోయి చివరికి ఆకు ఈనె కింద ఒక సందులో దూరాడు. అంత పెద్దగా ఒళ్ళు సాచిన రాయన్న ఆ సందులో పట్టలేదు.

ఆకన్న అక్కడే ఉండిపోయాడు. బయట నీళ్ళు వేడెక్కాయి.

"నత్తవ్వ సగమే అంది" అనుకున్నాడు. "సగం దారంతో సగం కోశమే వస్తుందేమో. రానీ. అసలు లేకపోవడం కంటే సగం కోశం నయం కదా. ఎంతవరకు వస్తే అంతవరకు కడతాను."

ఒళ్ళు గుండ్రంగా ముడుచుకుని పని మొదలుపెట్టాడు.

పిల్లలూ, అప్పుడు వాడి ఒంట్లో ఏం జరిగిందో చెప్తాను వినండి. గదిలో ఉన్న దారం మెలి తిప్పిన నిచ్చెనలా ఉంటుంది. కోశం సంగతి ఎక్కడుందో అక్కడ ఆ నిచ్చెన కాస్త విడింది. అక్కడున్న రాత చూసి ఒక చిన్న నకలు తయారయ్యింది. దాని పేరు ఆర్‌ఎన్‌ఏ. అసలు దారం గది దాటి రాదు, నకలే వస్తుంది. గది బయట రైబోజోములనే బుల్లి పనివాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఆ నకలుని మూడేసి అక్షరాల చొప్పున చదువుతారు. ప్రతి మూడక్షరాలకీ ఒక పూస. ఆ పూసల్ని అమైనో ఆమ్లాలు అంటారు. పూస పక్కన పూస చేర్చుకుంటూ పోతే దండ. ఆ దండ మడతలు పడితే ప్రోటీన్. ఆ ప్రోటీన్లతోనే ఆకన్న కోశం లేచింది.

ఒక పొర వచ్చింది. ఆకన్న నమ్మలేకపోయాడు. దాని మీద ఇంకో పొర వచ్చింది.

"ఇదేమిటి? ఇంకా ఆగలేదే! సగం దాటిపోయింది కదా!"

ఎందుకు ఆగుతుంది? వాడి దారం సగం కాదు. ఒళ్ళు బరువెక్కిన ఆ పొద్దున, నడుము తెగక ముందే, నిచ్చెన నిలువునా విడిపోయింది. ఆ నిచ్చెనలో ఏ ముక్కకి ఏ ముక్క జతో ముందే ఏర్పాటు ఉంది. ఒకటి ఇంకొకదానితో తప్ప కలవదు. అందుకని విడిపోయిన ప్రతి పక్కా తన జత ముక్కల్ని చేర్చుకుని మళ్ళీ నిండు నిచ్చెన అయ్యింది. ఒకటి రెండయ్యాకే వాళ్ళు విడిపోయారు. ఇద్దరిలోనూ ఒక పాత పక్క, ఒక కొత్త పక్క. మరి అసలువాడు ఎవరు, రెండోవాడు ఎవరు అంటే నేనేం చెప్పను? నన్నడిగినా అంతే.

ఆకన్న కోశంలో ఒక చిన్న కంత మాత్రం మిగిలింది. అది కూడా మూసుకుంటే పని అయిపోతుంది. వాడు మూసుకోలేదు. కంత లోంచి కేక వేశాడు.

"ఒరేయ్! నా దగ్గర మొత్తం ఉంది! అంటే నీ దగ్గరా ఉంటుంది! తరమడం మాని కట్టుకో!"

"నన్ను వదిలించుకోవడానికి ఎత్తు వేస్తున్నావు" అన్నాడు రాయన్న.

నీళ్ళు ఇంకాస్త తగ్గాయి. ఆకన్న మళ్ళీ అరిచాడు. "ఒట్టురా! ఒక్క పొర కట్టి చూడు. రాకపోతే అప్పుడే వచ్చి నన్ను మింగు!"

"నత్తవ్వ పెద్దది. సగమే అంది. పెద్దవాళ్ళ మాట నమ్మాలా, నీ మాట నమ్మాలా?"

ఆకన్న ఒళ్ళు ఆరిపోతోంది. అయినా మూడోసారి అరిచాడు. "నా మాట నమ్మకు, నత్తవ్వ మాటా నమ్మకు! నీ దారాన్ని నువ్వు అడుగు!"

రాయన్న ఆ సందు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆకన్న ఇంకొంచెం సేపు చూశాడు. ఇక చూస్తే ప్రాణం పోతుందని కంత మూసుకున్నాడు.

బయట రాయన్న ఒక్కడే మిగిలాడు. తరమడానికి ఎవరూ లేరు. నీళ్ళు పల్చటి తడిగా మారాయి. అప్పుడు వాడు తన రాయి పక్కకి జారి, ముడుచుకుని కూర్చున్నాడు. "చూద్దాం" అనుకున్నాడు. ఒక పొర వచ్చింది! "నాకూ వచ్చింది! నా దగ్గరా ఉంది!" అని సంతోషంతో అరిచాడు. కానీ పొర కట్టాలంటే పూసలు కావాలి. పూసలు కావాలంటే తిండి తిని ఉండాలి, ఒంట్లో సత్తువ ఉండాలి. ఉన్నదంతా తరమడానికే అయిపోయింది. దారం చెబుతూనే ఉంది. కట్టడానికి సరుకు లేదు. ఎండ ఆగలేదు.

కొన్నాళ్ళకి ఆకాశం నల్లబడింది. వాన పడింది. ఏనుగు అడుగు మళ్ళీ నిండింది. ఆకన్న కోశం పగలగొట్టుకుని బయటికి వచ్చాడు. రాగానే రాయి పక్కకి వెళ్ళాడు. అక్కడ ఒక్క పొర పెంకు ఉంది. అందులో ఎవరూ లేరు.

నత్తవ్వ మూత తీసి చూసింది. "బతికావా నాయనా! నువ్వు అసలువాడివా, రెండోవాడివా?"

"మెత్తన్నని అవ్వా."

"మరి అక్కడ పోయింది ఎవరు?"

ఆకన్న ఆ పెంకు కేసి చూశాడు. "వాడూ మెత్తన్నే అవ్వా" అన్నాడు. "నాలో ఉన్నదంతా వాడిలోనూ ఉంది. సగమనుకున్నాడు."

నత్తవ్వ కొమ్ములు లోపలికి ముడుచుకున్నాయి. "నేనే కదా అలా చెప్పింది. నాకు మా ఇంటి సంగతే తెలుసు. మీ ఇంటి సంగతి తెలీదని చెప్పాల్సింది నాయనా" అంది.

ఆకన్న రాయి పక్కనుంచి కదిలాడు. ఆకలి వేస్తోంది. నాచు వెతుక్కున్నాడు. తిన్నాడు, పెరిగాడు. ఒకరోజు వాడికి మళ్ళీ ఒళ్ళు బరువెక్కింది, నడుము సన్నబడింది, తెగింది. పక్కనున్నవాడు తికమకగా అటూ ఇటూ చూశాడు. "మళ్ళీ ఇద్దరమయ్యాం! ఈసారి కూడా నాకు మొత్తం మిగిలిందా?" అన్నాడు.

"మొత్తం ఉంది" అన్నాడు మెత్తన్న. "భయపడకు. రా, అక్కడ మంచి నాచుంది. ముందు కడుపు నింపుకుందాం."

నీతి: నీ దగ్గర ఏముందో ముందు పనిలో పెట్టి చూసుకో. లేదనుకుని పక్కవాడి మీద పడితే, ఉన్నది కూడా అక్కరకు రాదు.