రెండు వాటాల పచ్చిక

సోమయాజులు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చెప్పులేసుకో" అంటారు. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్తారో ఆయనకే తెలియాలి. కాకినాడలో ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునేవాళ్లకు బుర్రల కంటే ముందు చెప్పులు అరిగేవి.

ఆయన శిష్యుల్లో గవర్రాజు ఓవర్సీరుగా చేసి రిటైరైనవాడు. ఊరి చివర పక్కపక్కనే రెండు వాటాలు కట్టి అద్దెకిచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన గోడకు ఎవరైనా మేకు కొడితే అది తన ఒంట్లోనే దిగినట్టు విలవిల్లాడతాడు. ఒక్కో వాటా ముందు నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. ఎడమవాటాలో పాత అద్దెవాళ్లు నీళ్లు పెట్టక గడ్డి ఎండబెట్టేశారని అక్కడ ప్లాస్టిక్ పచ్చిక పరిపించాడు. కుడివైపు మాత్రం గరికే ఉంది.

అది పరిపించాక ఎడమవాటాలో దిగిన రెండో కుటుంబం కూడా ఇప్పుడు ఖాళీ చేస్తామంటోంది. "ఇల్లు బాగుందండీ, మాకే లోటూ లేదండీ" అంటారే తప్ప కారణం చెప్పరు. ఆ ఇంటావిడ మంగతాయారు లాంటి నెమ్మదస్తురాలు మళ్లీ దొరకదని గవర్రాజుకు నిజంగానే బెంగగా ఉంది. అది మాస్టారితో చెప్పుకున్నాడు కూడా. అయినా ఆ రోజు పాఠం అయ్యాక అడిగింది మాత్రం గడ్డి గురించే.

"కుడివాటాకి కూడా ప్లాస్టిక్కే వేయించేద్దామనుకుంటున్నానండీ మాస్టారూ. నీళ్లక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. ఎవరొచ్చినా, ఎవరెళ్లినా అలాగే ఉంటుంది. మీరేమంటారు?"

"రేపు రథసప్తమి. పొద్దున్నే చెప్పులేసుకుని రా," అన్నారు మాస్టారు.

మర్నాడు ఇద్దరూ వెళ్లేసరికి ఎండ అప్పుడే వాకిట్లోకి వస్తోంది. ఎడమవాటా ముందు పచ్చిక, దుకాణంలోంచి తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గవర్రాజు దాన్ని చూసి కాస్త గర్వపడ్డాడు కూడా. మంగతాయారు వంటింట్లో గ్యాసు పొయ్యి మీద పాలు పొంగిస్తోంది. సూర్యుడికి చూపించాల్సిన పాలు గోడకు చూపిస్తోంది. గుమ్మం పక్కన పిడకల సంచి, ఊరి నుంచి తెచ్చుకున్నది, ముడి విప్పకుండా ఉంది. ఇంటివాణ్ణి చూడగానే ఆమె కంగారుగా బయటికొచ్చింది.

"బయట ఏమీ వెలిగించలేదండీ. అప్పుడు అగరొత్తి నిప్పు పడి ఈ పచ్చికకు చిన్న చిల్లు పడిందని మీరన్నారు కదండీ, అప్పట్నుంచీ జాగ్రత్తగానే ఉంటున్నాం."

అప్పుడు తాను అరగంట సేపు ఏమేం అన్నాడో గవర్రాజుకు గుర్తుంది.

కుడివాటా వాకిట్లో పొగ. అక్కడ అద్దెకుండే సుభాషిణి గరిక మధ్యనే మూడు ఇటుకలు పెట్టి, పిడకలు రాజేసి, తూర్పుకు తిరిగి పరమాన్నం వండేసింది. ఇటుకల చుట్టూ పళ్లెమంత మేర గడ్డి నల్లగా మాడిపోయింది. దాన్ని చూసేసరికి గవర్రాజు ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో, కాస్త కాలిందండీ బాబాయిగారూ! నీళ్లు పోస్తాలెండి, అదే వచ్చేస్తుంది," అంటూ ఆమె నవ్వుతూ ఇద్దరికీ చిక్కుడాకుల్లో ప్రసాదం పెట్టింది. మాస్టారు చెప్పులు విడిచి గరికలో చతికిలబడి, తీరిగ్గా తిన్నారు. గవర్రాజు నిలబడే తిన్నాడు. పరమాన్నం చాలా బాగుంది. అయినా కళ్లు ఆ నల్లమచ్చను వదలడం లేదు.

వీధిలోకి వచ్చాక ఇక ఉండబట్టలేకపోయాడు. "చూశారుగా మాస్టారూ! అది మళ్లీ మొలవాలంటే ఎంత లేదన్నా నెల పడుతుందండీ."

మాస్టారు చెయ్యి తుడుచుకుంటూ అడిగారు. "మొలుస్తుందిలే. ఎడమవాటా అమ్మాయి ఖాళీ చేసేది ఎప్పుడన్నావు?"