చుట్టమ్మ గుడ్ల మీద మసిబొట్టు

ఇప్పుడు పెట్రోలు బంకు ఉన్న చోట ఒకప్పుడు మా పొగాకు కాల్చే కొట్టం, బ్యారన్, ఉండేది. పొగాకు వేయడం మానేశాక మా ఆసామి దాని తలుపు పీకి పశువుల పాకకు పెట్టుకున్నాడు. మిగిలిన మట్టిగోడల మధ్య మా దొడ్డి జీవాల సంసారాలు. అబ్బ, ఏం గోడలవి! మూరెడు మందం. బయట ఎండ మండిపోతున్నా, వాన దంచికొడుతున్నా లోపలి వెచ్చదనం ఒకే తీరుగా ఉండేది. నేను బొల్లెద్దుని. అరక మానేసి పాకలో పడుకునే వయసు నాది. ఈ మధ్య గడ్డి కన్నా ఆ రోజుల్నే ఎక్కువ నెమరేస్తున్నాను.

ఆ దొడ్డికి పెద్దదిక్కు కోడిపెట్ట వెంకాయమ్మ. పదకొండు విడతలు పొదిగి పిల్లల్ని లేపిన ఘనత ఆవిడది. ఆ సంగతి రోజుకి పదకొండుసార్లు చెప్పేది కూడా. కంచె అవతల నక్క కైలాసం ఉండేవాడు. వాడికీ మాకూ ఒక కట్టుబాటు. మంచి గుడ్డు జోలికి వాడు రాకూడదు, మురిగిన గుడ్డు ఏదైనా సరే కంచె దాటించి వాడికి ఇచ్చెయ్యాలి. మాట తప్పాడా, ఊరకుక్కలన్నిటినీ పిలుస్తాం. వాడు తప్పలేదు. తప్పకుండానే పని జరుపుకునే రకం వాడు.

ఒక తుఫాను ఏడు మా బ్యారన్‌లోకి చుట్టమ్మ వచ్చింది. కొండచిలువ జాతే గానీ పొట్టిది. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా ముద్దకట్టుకుపోయేది. పట్నంలో ఎవరో గాజుపెట్టెలో పెంచుకునేవాళ్ళట, వరదలో పెట్టె పగిలి బయటపడిందట. మొదటి వారం రోజులూ మేము దాని మొహమే చూడలేదు. వెంకాయమ్మ దాన్ని అడుగు దూరం నుంచి చూసి, "ఇదేం పాము తల్లీ, నాకంటే పిరికిది!" అంది. ఆ రోజు నుంచి అది మాదైపోయింది. ధాన్యం గదిలో ఎలుకల్ని అది చూసుకునేది.

ఒకనాడు నా డెక్క పక్కన చుట్టచుట్టుకుని మెల్లగా అడిగింది.

"బొల్లన్నా, నాకు పిల్లలు కావాలనుంది."

"మంచిదేగా. అంత బిడియం దేనికి?"

"ఇదివరకోసారి పెట్టాను. నాకప్పుడు నిండా ఏడాదిన్నర లేదు. మగపాముని తెచ్చి పెట్టెలో పడేశారు. నాలుగు గుడ్లు పెట్టాను, నాలుగూ పచ్చబడి ముడుచుకుపోయాయి. నా వెన్ను బయటపడి మూడు నెలలు లేవలేదు. ఈసారి కూడా అట్లాగే పోతే నేను మళ్ళీ ఆశపడలేనన్నా. ఇదే ఆఖరు."

"అయితే ముందు తిను. నీ వెన్ను మీద మూతి ఆనిస్తే ఎముక తగలకూడదు. అంతవరకు పెళ్ళిమాట ఎత్తొద్దు," అన్నాను.

రెండు వానాకాలాలు ఆగాం. కైలాసం కంచె మీంచి మూతి పెట్టి సతాయించేవాడు. వాడికి లోకమంతా చుట్టాలే.

"ఏం మరదలా, ఇంకా ఎన్నాళ్ళు? ఏటా ఒక విడత పెట్టుకోక!"

"ఒంట్లోకి కాస్త కండ రానీ అన్నయ్యా," అనేది చుట్టమ్మ.

"కండేంటి, కాలం పోతుంది గానీ!"

"నీ తొందర నీ ఆకలిదిరా," అని నేను కసిరేవాణ్ణి.

ఆ ఆగిన రెండేళ్ళలో మేము చేసిన పని ఒకటుంది. పిల్లలు పుడితే ఎక్కడుంటారు? మా ధాన్యం గది ఒక్క పాముకే సరిపోదు. అందుకని నన్ను బండికి కట్టినప్పుడల్లా దారిలో అడుగుతూ వచ్చాను. వేరుశనగ కొట్లో గాడిద, జీడితోటలో మేక, బెల్లం పాకలో ముసలి కుక్క, ఇలా ఆరిళ్ళు ఒప్పుకున్నాయి. ఊరికే ఒప్పుకుంటే నేను వదల్లేదు. వెచ్చటి మూల చూపించమన్నాను, నీళ్ళ మూకుడు చూపించమన్నాను. "ఇరవై ఏళ్ళ పైన బతికే జీవి, మధ్యలో విసుగొస్తే?" అని అడిగాను. జీడితోట మేకకి చిర్రెత్తి, "ఆడపిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని అడగరయ్యా!" అంది. అడగాలి మరి.

మగవాణ్ణి చూడ్డానికీ అంతే గొడవ. కాలవగట్టు తోటలో వాడూ ఒక గాజుపెట్టె నుంచి తప్పించుకొచ్చినవాడే. ముక్కు కారుతోందా, తల వణుకుతోందా, తల్లి ఎవరు, చుట్టమ్మకేమైనా తోడబుట్టినవాడా అని ఆరా తీశాను. అన్నీ కుదిరాక సక్రమంగా కలిపాం. చలికాలం వెళ్ళేసరికి చుట్టమ్మ నడుం నిండింది.

తన చోటు తనే చూసుకుంది. బ్యారన్ మూలలో పాత పొగాకు ఈనెలన్నీ ఊడ్పించి, కారే కుండ పక్కన చెమ్మగా ఉన్న ఇసక పరిపించింది. అక్కడ ఆరు గుడ్లు పెట్టింది. తెల్లగా, మెత్తటి తోలులా ఉండేవి. వెంకాయమ్మ ముక్కుతో తాకబోయి, "పెంకు లేదేమే వీటికి!" అని బోలెడు ఆశ్చర్యపోయింది.

"మావి ఇంతే వదినా. ఒక్క సాయం చెయ్యి. పొయ్యి మూతిలో మసి ఉంది కదా, ఒక్కో గుడ్డు నెత్తిన ఒక్కో చుక్క పెట్టు. గాజుపెట్టె ఇంటాయన అట్లాగే పెట్టేవాడు."

"దానికేం, దివ్యంగా పెడతాను! ఇంత అందంగా ఉన్నాయి, పాడుకళ్ళు పడవూ?" అని వెంకాయమ్మ ముక్కుతో ఆరు మసిబొట్లు పెట్టింది.

పొరపాటంతా అక్కడే జరిగింది. ఆవిడ పెట్టింది దిష్టిచుక్క. చుట్టమ్మ పెట్టమన్నది వేరే దానికి. పెరట్లో పసిబిడ్డకి బుగ్గన చుక్క పెట్టడం చూసిన కోడికి ఇంకో అర్థం ఎట్లా తోస్తుంది? చుట్టమ్మ మాటల పిసినారి, విడమరిచి చెప్పలేదు. నాకూ అడగాలని తట్టలేదు, నా బుద్ధి గడ్డి తింది.

చుట్టమ్మ గుడ్ల చుట్టూ చుట్టుకుని తిండి మానేసింది. మధ్యాహ్నం ఒక్కసారి తొట్టిదాకా వెళ్ళి నీళ్ళు తాగొచ్చేది. ఆ కాసేపు కాపలా వెంకాయమ్మది. అయిదోనాడు ఆ వేళకి సరిగ్గా కైలాసం కంచె దగ్గర ప్రత్యక్షమయ్యాడు. ఈ మాటలన్నీ తర్వాత ఆవిడ ఏడుస్తూ మాకు చెప్పినవే.

"వెంకాయమ్మత్తా, పదకొండు విడతల అనుభవం నీది. ఒక్క మాట అడగనా?"

"అడుగు నాయనా."

"నీ గుడ్లని నువ్వు రోజూ తిప్పుతావు కదా?"

"తిప్పకపోతే ఎట్లా? లోపలి పిల్ల ఒక పక్కకే అతుక్కుపోదూ!"

"అదే అత్తా నా బాధ! ఆ అమాయకురాలికి చేతులా, కాళ్ళా? ఆరు గుడ్లూ పెట్టినవి పెట్టినట్టే పడున్నాయి. పెద్దదానివి నువ్వుండి చూస్తూ ఊరుకుంటే రేపు లోకం ఏమంటుంది?"

వెంకాయమ్మ గుండె ద్రవించిపోయింది. నిజానికి కైలాసం మా అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. నాగలికి తగిలి దొర్లిపోయిన పాముగుడ్లు మురిగిపోవడం వాడు పొలాల్లో ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాడు, ఏరుకు తింటున్నాడు. మురిగితే ఆరూ వాడి వాటాకే వస్తాయి, కట్టుబాటు ప్రకారమే.

వెంకాయమ్మ లోపలికి వెళ్ళి చివర విడిగా ఉన్న గుడ్డుని కాలితో నిమ్మళంగా దొర్లించింది. రెండోదాని మీద కాలు పెట్టేసరికి చుట్టమ్మ తొట్టి దగ్గర్నుంచి వచ్చింది. ఆ పాము అరవగలదని నాకు ఆ రోజే తెలిసింది.

"కాలు తియ్యి వదినా! బొట్టేది? బొట్టు ఎక్కడికి పోయింది?"

"అడుక్కి వెళ్ళిందే. మంచికేనే, నేను తిప్పాను!"

"అయ్యో వదినా! మా గుడ్డు పెట్టింది పెట్టినట్టే ఉండాలి. లోపలి పిల్ల పైకప్పుకి అంటుకుని ఊపిరి తీస్తుంది. తిప్పితే మునిగిపోతుంది. పైభాగం తెలియడానికే ఆ బొట్టు!"

వెంకాయమ్మ ముక్కుతో ఆ గుడ్డుని మళ్ళీ బొట్టు పైకి వచ్చేట్టు సర్దింది. పదిరోజుల్లో అది పచ్చబడింది. మిగిలిన అయిదూ తెల్లగానే ఉన్నాయి. ఆవిడ నా దగ్గరకొచ్చి, "నా తెలివే నా పాలిట శత్రువైంది బొల్లన్నా, వాడి కళ్ళు పొడిచేస్తాను," అని ఏడ్చింది.

"పొడవకు. వాడితో పనుంది," అన్నాను.

పనేమిటంటే, ఉడుము. గుడ్ల వాసన పట్టి పట్టపగలే బ్యారన్ చుట్టూ తిరుగుతోంది. దానికి మాతో కట్టుబాటూ లేదు, కుక్కల భయమూ లేదు. నేను ఆ ఇరుకు గుమ్మంలో దూరలేను, కోడి దానికి లెక్కే కాదు, తిండి మానిన చుట్టమ్మకి కొట్లాడే ఓపిక లేదు. ఎవరో ఒకరు కాయాలి. మర్నాడు నేను నేర్పినట్టే వెంకాయమ్మ కంచె దగ్గరికి వెళ్ళింది.

"కైలాసం, నీ మాట విన్నాను నాయనా. తిప్పాను."

వాడి కళ్ళు మెరిశాయి. "రోజూ?"

"నీ సలహా విన్న రోజే మొదలుపెట్టాను. కానీ ఆ ఉడుము చూశావా? అది గనక ముందొచ్చి ఎత్తుకుపోతే..."

"ఎత్తుకుపోతుందా? నేనుండగానా!"

ఆవిడ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, గమనించారా. ఇక చూడండి వాడి అవస్థ! పొద్దున్నే వచ్చి బ్యారన్ గుమ్మానికి అడ్డంగా కూర్చునేవాడు. ఉడుము వస్తే పళ్ళు బయటపెట్టి కాలవదాకా తరిమేవాడు. ఒకసారి అది తోకతో కొడితే చెవి చిరిగింది. అయినా కదల్లేదు.

"అల్లుడూ, చిక్కిపోయావు, వెళ్ళి ఏదైనా తినిరా," అనేది వెంకాయమ్మ.

"పర్లేదత్తా, ఒకేసారి తింటాను!" అనేవాడు.

పాకలో పడుకుని నేను నవ్వాపుకోలేక దగ్గేవాణ్ణి. అంత సరదా రోజులు మళ్ళీ రాలేదు నాకు.

యాభై ఎనిమిదోనాడు ఉదయం కైలాసం ఆముదపాకులు నోట కరుచుకుని వచ్చాడు, గుడ్లు చుట్టుకుపోవడానికి.

"ఈపాటికి మురిగే ఉంటాయి బావా. నా వాటా ఇప్పించు."

"కట్టుబాటు కట్టుబాటే. వెళ్ళి చూసుకో," అన్నాను.

వాడు గుమ్మంలోంచి తల దూర్చాడు. అయిదు గుడ్లకి అయిదు చీలికలు, ఒక్కో చీలికలోంచి బొటనవేలంత తల. ఎదురుగా నక్క మొహం కనబడేసరికి అయిదూ ఒకేసారి బుస్సుమన్నాయి. కైలాసం ఎగిరి వెనక్కి పడ్డాడు.

"అత్తా! రోజూ తిప్పానన్నావు కదే!"

"రోజూ అని నువ్వన్నావు నాయనా. నేను తిప్పింది ఒక్కటే," అని వెంకాయమ్మ పక్కన పెట్టి ఉంచిన ఆరో గుడ్డుని ముక్కుతో దొర్లించుకుంటూ తెచ్చింది. ఎండిపోయి తోలుతిత్తిలా ఉంది, దాని మీద మసిబొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. "ఇది నీది. నువ్వు చెప్పావు, నేను చేశాను. ఇద్దరి పాపమూ ఇందులోనే ఉంది, తీసుకుపో."

నెలన్నర కాపలాకి వాడికి దక్కింది ఆ తిత్తి ఒక్కటే. ఆముదపాకులు అక్కడే పారేసి, చిరిగిన చెవి వేలాడేసుకుని పోయాడు.

పిల్లలు తొలి కుబుసం విడిచి, తమంతట తాము మూడుసార్లు తిన్నాకే గడప దాటనిచ్చాం. ఒక్కొక్కదాన్నీ చెప్పిన ఇంటికి చేర్చాం. జీడితోట మేక మాత్రం మూకుట్లో నీళ్ళు పోసి, మెత్తటి ఊక పరిచి ఎదురుచూసింది. ఆరో పిల్ల రావాల్సిన ఇల్లు అదే. వెంకాయమ్మ తనే నడుచుకుంటూ వెళ్ళి చెప్పింది.

"మీకు రావాల్సిన పిల్ల రాలేదమ్మా. నా చేతిలోనే పోయింది."

మేక, "మూకుడు తియ్యనులే వదినా, ఉంచుతాను," అందట.

మరుసటేడు చుట్టమ్మని మేము గుడ్లు పెట్టనివ్వలేదు, కరువుతీరా తినమన్నాం. ఆ పై సంవత్సరం ఏడు గుడ్లు పెట్టింది. మసిబొట్లు పెట్టింది మళ్ళీ వెంకాయమ్మే. పెట్టి, ఇసక మీద గీత గీసి, ఎవరు గుమ్మంలోకి వచ్చినా రెక్కలు విప్పి అడ్డం నిలబడి ఒకే మాట అనేది: "గీత దాటావంటే చూడు! నేను దాటొచ్చినదాన్ని." ఆ విడతలో మొట్టమొదటి పిల్ల జీడితోటకే వెళ్ళింది.

ఇప్పుడు వెంకాయమ్మ లేదు, చుట్టమ్మ లేదు, ఆ మట్టిగోడలూ లేవు. ఎప్పుడైనా ఖాళీ బండికి నన్ను కట్టి జీడితోట వైపు తోలినప్పుడు మాత్రం మేక మనవరాలు గట్టు మీదికొచ్చి, "మా పాము బాగుంది తాతా!" అని కేకేస్తుంది. ఆ ఒక్క కేకకీ నా కడుపు నిండిపోతుంది.

నీతి: ఒక ప్రాణాన్ని లోకంలోకి పిలిచేవాళ్ళు తమకొచ్చిన విద్యని పక్కనబెట్టి, ముందు ఆ ప్రాణం తీరు తెలుసుకోవాలి.